నారింజ అంటు, కరివేపాకు మొక్క

పెరట్లో ఒక పుల్లపండ్ల చెట్టు ఉండాలన్న కోరిక నాకు చిన్ననాటిది. కాకినాడలో మా తాతగారింట్లో బావిగట్టు పక్కన ఒక దబ్బచెట్టు ఉండేది. కాయల కాలం వచ్చిందంటే అమ్మమ్మ దబ్బకాయ పులిహోర కలిపేది, జాడీ నిండా ఊరగాయ పెట్టేది. ముళ్ళు గీరుకుంటాయని మమ్మల్ని ఆ దరిదాపులకు రానిచ్చేది కాదు. తాతగారు పోయాక ఆ ఇల్లూ పోయింది, చెట్టూ పోయింది. కొన్నేళ్ళ క్రితం దక్షిణ కాలిఫోర్నియాలో, రివర్‌సైడ్ నగరానికి దగ్గరలో, కాస్త పెరడున్న ఇల్లు కొనుక్కున్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ చెట్టే.

నర్సరీకి వెళ్ళి ఒక నారింజ మొక్క ఎంచుకున్నాను. దాని కొమ్మకు ఒక చీటీ కట్టి ఉంది. ఈ మొక్కను ఈ నిర్బంధ ప్రాంతం దాటించి తీసుకుపోరాదు అన్నది దాని సారాంశం. మొక్కకు నిర్బంధమేమిటని నవ్వుకున్నాను. ఆ నవ్వుకు సమాధానం వెతుక్కుంటూ చదివిందీ, ఆ తరువాత నా ఇంట్లోనే జరిగిందీ కలిపి ఈ టపాలో రాస్తున్నాను.

ముందుగా పేర్ల సంగతి. మనకు నిమ్మ, దబ్బ, నారదబ్బ, మాదీఫలం, గజనిమ్మ, నారింజ, కమలా, బత్తాయి, పంపరపనస అని ఎన్నో పేర్లున్నాయి. వీటిలో కొన్ని ఇంటివి, కొన్ని ఓడల్లో దిగినవి. సంస్కృతంలోని నారంగం ద్రావిడ భాషలనుండి వెళ్ళిందని భాషావేత్తలు చాలామంది భావిస్తారు. తమిళంలో నఱు అంటే సువాసన. ఆ నారంగమే పారశీకంలో నారంగ్, అరబీలో నారంజ్, స్పానిష్‌లో నరంజ అయింది. ఫ్రెంచివారి దగ్గరకు వచ్చేసరికి ముందున్న నకారం రాలిపోయి ఒరాంజ్ అయింది, ఇంగ్లీషులో ఆరెంజ్ అయింది. పంపరపనసలో మన పనస ఉన్నట్టు కనిపించినా, అది డచ్చివారి పాంపెల్‌మూస్‌కు మన నోటి తిరుగుడు. బత్తాయి డచ్చివారి బటావియా, అంటే నేటి జకార్తా, పేరుమీద వచ్చిందంటారు. బెంగాలీలు బాతాబి లేబు అనేది బత్తాయిని కాదు, పంపరపనసను. ఒకే రేవు పేరు రెండు భాషల్లో రెండు పండ్లకు అంటుకుందన్నమాట.

వీటి పుట్టుక గురించి వృక్షశాస్త్రజ్ఞులు దాదాపు వందేళ్ళు తగవులాడుకున్నారు. స్వింగిల్ అనే అమెరికన్ 16 జాతులే ఉన్నాయంటే, తనాకా అనే జపనీయుడు 162 లెక్కపెట్టాడు. 2018లో నేచర్ పత్రికలో వెలువడిన జన్యు పరిశోధన ఆ తగవును చాలావరకు తీర్చింది. దాని ప్రకారం ఈ కుటుంబపు పుట్టిల్లు హిమాలయాల ఆగ్నేయపు అంచులు, అంటే అస్సాం, ఉత్తర బర్మా, పశ్చిమ యునాన్ కలిసే చోటు. అక్కడనుండి సుమారు 80 లక్షల సంవత్సరాల క్రితం ఇవి నలుదిక్కులా పాకాయి. మనం తినే పండ్లలో ఎక్కువ భాగం మూడు మూలజాతుల సంతానం: మాదీఫలం, పంపరపనస, కమలా. పంపరపనసకూ కమలాకూ పుట్టింది పుల్ల నారింజ. ఆ పుల్ల నారింజకూ మాదీఫలానికీ పుట్టింది పాశ్చాత్యుల పెద్ద నిమ్మ, లెమన్. తీపి నారింజ కూడా కమలా, పంపరపనసల కలయికలో వచ్చినదే. నేను కార్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నది ఒక చెట్టు కాదు, ఒక పెద్ద వంశవృక్షపు కొస అని అప్పుడు తెలిసింది.

* * *

నేను కొన్నది నావెల్ నారింజ, పండు అడుగున బొడ్డులాంటిది ఉంటుంది. దాన్ని ఎంచుకోవడానికి కారణం మా ఊరి చరిత్రే.

బ్రెజిల్‌లోని బహియాలో ఒక నారింజ చెట్టు కొమ్మకు ప్రకృతి చేసిన చిన్న మార్పువల్ల గింజలేని పండు కాసింది. గింజ లేదంటే సంతానం లేదు. ఆ రుచి కావాలంటే ఆ కొమ్మనుండి మొగ్గ తీసి మరొక చెట్టుకు అంటు కట్టవలసిందే. 1870లో అమెరికా వ్యవసాయ శాఖలో తోటల అధికారిగా ఉన్న విలియం సాండర్స్ బహియానుండి అలాంటి అంటుమొక్కలు తెప్పించి వాషింగ్టన్‌లో గాజు ఇంట్లో పెంచాడు. ఆయనకు పరిచయస్తురాలు ఎలైజా టిబెట్స్. స్త్రీలకు ఓటుహక్కు కావాలని 1871లో వాషింగ్టన్‌లో ఊరేగింపుగా వెళ్ళిన వారిలో ఆమె కూడా ఉంది. భర్త లూథర్‌తో కలిసి కొత్తగా వెలుస్తున్న రివర్‌సైడ్‌కు తరలి వచ్చాక, 1873లో సాండర్స్ ఆమెకు మొక్కలు పంపాడు. వాటిలో రెండు బతికాయి. కాలువ నీళ్ళు అందక, గిన్నెలు కడిగిన నీళ్ళు పోసి వాటిని సాకిందని ఇక్కడివారు కథగా చెప్పుకుంటారు.

ఆ పండ్లు 1879లో ప్రదర్శనకెక్కాయి. ఆ తరువాత దక్షిణ కాలిఫోర్నియా కొండవాలులన్నీ నారింజ తోటలయ్యాయి. రైళ్ళకు రైళ్ళు పండ్లు తూర్పు తీరానికి వెళ్ళాయి. ఆ తోటల కోసమే 1907లో పెట్టిన పరిశోధనా కేంద్రం చుట్టూ రివర్‌సైడ్ విశ్వవిద్యాలయం పెరిగింది. ఇంత సంపదకూ మూలం ఒక ఇల్లాలి పెరట్లోని రెండు చెట్లు. ఆ దంపతులకు మాత్రం అందులో మిగిలినది ఏమీ లేదు. ఎలైజా 1898లో పోయింది. ఆస్తి పోగొట్టుకున్న లూథర్ 1902లో పేదరికంలో కన్నుమూశాడు.

రెండు చెట్లలో ఒకటి 1903లో ఒక హోటలు ఆవరణకు తరలింది. అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ స్వయంగా దాన్ని నాటాడు. అది చాలాకాలం బతకలేదు. రెండవది మాగ్నోలియా, ఆర్లింగ్టన్ వీధుల కూడలిలో నేటికీ ఉంది. వేరుకుళ్ళు వచ్చినప్పుడు 1918లో దాని చుట్టూ కొత్త మొక్కలు నాటి, వాటి తలలను కాండానికి అంటుకట్టి కొత్త వేళ్ళు ఇచ్చారు. ముసలితల్లికి మనవలు భుజం పట్టినట్టు! ఆదివారం ఒకరోజు మా అమ్మాయిని తీసుకుని చూడటానికి వెళ్ళాను. చెట్టు కనిపించలేదు. ఇనుప కంచె వెనుక, దాని చుట్టూ తెల్లటి వలగుడారం వేసి ఉంది. "చెట్టుకు దోమతెర ఎందుకు నాన్నా?" అని అడిగింది మా అమ్మాయి. ఒక రకంగా అది దోమతెరే.

* * *

అంటుకట్టే విద్యలో వరమూ శాపమూ ఒకటే. ఒక చెట్టులోని గుణం లక్ష చెట్లకు చేరుతుంది, దాని రోగం కూడా అంతే సులువుగా చేరుతుంది. 1930లలో అర్జెంటీనా, బ్రెజిల్ దేశాల్లో పుల్ల నారింజ వేరుమీద కట్టిన చెట్లు లక్షల సంఖ్యలో ఎండిపోయాయి. ఆ రోగానికి త్రిస్తేజా అని పేరు పెట్టారు, విషాదమని అర్థం. అది అంటుకొమ్మలతో దేశాలు దాటి, పేనుబంకతో చెట్టునుండి చెట్టుకు పాకే వైరస్ అని తరువాత తేలింది. అందుకే ఇప్పుడు వేరుకు వేరే జాతిని వాడతారు. మన రాయలసీమలో బత్తాయికి రంగపూర్ నిమ్మ వేరును వాడేది కూడా ఇలాంటి అనుభవాలు నేర్పిన పాఠంవల్లనే.

ఇప్పటి శత్రువు దానికన్నా క్రూరమైనది. చైనావారు దాన్ని హ్వాంగ్‌లాంగ్‌బింగ్ అన్నారు, పసుపు డ్రాగన్ రోగమని. మన దేశంలో గ్రీనింగ్ తెగులు అంటారు. ఆవగింజంత పురుగు ఒకటి లేత చిగురు రసం పీలుస్తూ ఒక సూక్ష్మజీవిని చెట్టు నాళాల్లోకి ఎక్కిస్తుంది. ఆకు మచ్చలు మచ్చలుగా పాలిపోతుంది. కాయ వంకరపోయి, పండకుండా ఆకుపచ్చగానే మిగిలి, చేదెక్కుతుంది. కొన్నేళ్ళకు చెట్టు చస్తుంది. మందు లేదు. అన్నిటికన్నా భయంకరమైనది, రోగం సోకిన చెట్టు చాలాకాలం పచ్చగా, నవనవలాడుతూ కనిపించడం.

ఈ పురుగు మనవైపుదే. పంజాబు తోటల్లో అది చేసే నష్టం గురించి 1927లోనే పుస్తకం వచ్చింది. 1998లో అది ఫ్లోరిడాలో కనిపించింది, 2005లో అక్కడే రోగమూ కనిపించింది. 1997-98లో 24 కోట్లకు పైగా పెట్టెల నారింజలు కాసిన ఆ రాష్ట్రం, 2023-24లో 2 కోట్ల పెట్టెలను కూడా అందుకోలేకపోయింది. కాలిఫోర్నియాలో పురుగు 2008లో, రోగం 2012లో దొరికాయి. ఆ మొదటి రోగి పెద్ద రైతు తోటలోది కాదు, లాస్ ఏంజలిస్ దగ్గర హసియెండా హైట్స్‌లో ఒక ఇంటి పెరటి చెట్టు. 2017లో రివర్‌సైడ్‌లో కూడా రోగం బయటపడింది. ఎలైజా చెట్టుకు గుడారం అందుకే.

ఈ చరిత్రలో నన్ను నిలవనీయనిది ఇదే. పెరడు ఈ రాష్ట్రానికి సంపదనిచ్చింది. ఇక్కడ దొరికిన రోగపు చెట్లలో చాలాభాగం మళ్ళీ పెరళ్ళలోవే.

* * *

ఇక నా సంగతి. ఆ పురుగుకు పుల్లపండ్ల చెట్లెంత ఇష్టమో, మన కరివేపాకు చెట్టూ అంతే ఇష్టం. రెండూ ఒకే కుటుంబం. కరివేపాకుకు ఆ రోగం అంటదు గాని, పురుగు దానిమీద హాయిగా గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుకుంటుంది. నర్సరీ చీటీలోని నిబంధన కరివేపాకు మొక్కలకూ వర్తిస్తుంది.

ఆ మాట చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఎందుకంటే అంతకు ముందటి ఏడు, మా పెరటి కరివేపాకు పిలక ఒకటి తవ్వి, తడిగుడ్డ చుట్టి, ఫ్రెస్నో దగ్గర ఉండే మిత్రుడికి గృహప్రవేశం కానుకగా కార్లో తీసుకువెళ్ళి ఇచ్చాను. వాళ్ళ ఇంటి వెనక గోడ దాటితే కనుచూపుమేరా నారింజ తోటలు. అక్కడ పనిచేసే కూలీల బతుకులన్నీ ఆ చెట్లమీదే.

రెండురోజులు తటపటాయించి ఫోన్ చేశాను. మిత్రుడు అర్థం చేసుకున్నాడు. ఆయన భార్య ఫోన్ తీసుకుని, "అన్నయ్యగారూ, ఇప్పుడిప్పుడే నాలుగు రెమ్మలు వేసిందండీ. తాలింపు వేసినప్పుడల్లా మా అమ్మ వంటింట్లో ఉన్నట్టుంటోంది. ఒక్క మొక్కకు ఇంతా?" అంది. నా దగ్గర సమాధానం లేదు. ఆమె అడిగినదానిలో తప్పూ లేదు. చివరికి వాళ్ళే వ్యవసాయ కార్యాలయానికి కబురు చేశారు. ఇద్దరు వచ్చి ఆకు ఆకూ తిరగేసి చూశారట. పురుగు లేదన్నారు. అయినా మొక్కను సంచిలో కట్టి తీసుకుపోయారు. గండం గడిచిందని నేను ఊపిరి పీల్చుకున్నాను గాని, ఆమె మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

కరివేపాకు శాస్త్రీయనామంలో ఒక మనిషి పేరుంది. యోహాన్ గెర్హార్డ్ కోనిగ్, లిన్నేయస్ శిష్యుడు, దక్షిణాదిన మొక్కలు సేకరిస్తూ తిరిగిన వైద్యుడు. గురువు ఆయన పేరునే ఈ చెట్టుకు పెట్టాడు. ఆయన 1785లో కలకత్తాకు పోతూ దారిలో జబ్బుపడి, డచ్చివారి వర్తకస్థావరంగా పేరుపొందిన జగన్నాథపురంలో చనిపోయాడు. అప్పుడు సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్ ఆయనకు వైద్యం చేశాడు. మా తాతగారి ఇంటినుండి జగన్నాథపురం వంతెన నడకదూరం. ఎన్నిసార్లు దాటానో! ఆ పేరు నాకు సముద్రాల ఇవతల, ఒక చీటీవల్ల తెలియవలసివచ్చింది.

ఈమధ్య ఊరికి వెళ్ళివస్తున్న ఒక పరిచయస్తుడు, "దబ్బ అంటుపుల్ల పెట్టెలో వేసుకొస్తాను, ఎవడు చూస్తాడు?" అన్నాడు. ఒక్కక్షణం బావిగట్టు కళ్ళముందు కదిలింది. వద్దన్నాను.

నావెల్ మొక్కను ఎండ బాగా తగిలే చోట, అంటుకట్టు నేలకు బాగా పైన ఉండేలా నాటాను. కాండానికి మట్టి ఎగదోయలేదు, మొదట్లో నీళ్ళు నిలవనివ్వను. అంటుకట్టుకు కింద మూడేసి ఆకులతో పిలకలు వస్తే, అవి వేరుజాతివి గనక గిల్లేస్తాను. చిగురు వేసినప్పుడల్లా మా అమ్మాయి, నేను భూతద్దంతో ఆకు అడుగులు చూస్తాం. తలవంచి, వెనకభాగం ఏటవాలుగా పైకెత్తి కూర్చునే పురుగు, తెల్లటి మైనపు పోగులు వేలాడే దాని పిల్లలు కనిపిస్తాయేమోనని. మా కరివేపాకు చెట్టునూ అలాగే చూస్తాం. దాన్ని ఉంచుకున్నాం, పిలకలు మాత్రం ఎవరికీ ఇవ్వడం లేదు.

పోయిన చలికాలం మొదటిసారి ఏడు పండ్లు కాశాయి. మొదటి పండు ఒలిచి అమ్మకు కెమెరాలో చూపించాను. "గింజ లేదేమిట్రా, మరి ఇది మళ్ళీ ఎలా పుడుతుంది?" అంది.

ఎవరో ఒకరు చేత్తో పట్టుకెళ్ళి ఇస్తేనే పుడుతుందమ్మా, అన్నాను.