తెరచి ఉంచిన బీరువాలు: డార్ట్‌మత్ కళాశాల కంప్యూటర్ వినియోగ విధానం – ఒక పరిశీలన

బేసిక్ భాషను గురించిన చరిత్రలు సాధారణంగా దానిని ఒక ప్రోగ్రామింగ్ భాష పుట్టుకగానే పరిగణిస్తాయి. నిజానికి అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రానికి చెందిన డార్ట్‌మత్ కళాశాలలో ముందుగా రూపొందినది భాష కాదు, ఒక పరిపాలనా నిర్ణయం. ఆ నిర్ణయాన్ని అమలుపరచడానికే భాష అవసరమైంది. ఈ క్రమాన్ని నిరూపించడమే ప్రస్తుత వ్యాసం ఉద్దేశం.

1950ల ద్వితీయార్ధంలో ఆ కళాశాలకు సొంత యంత్రం లేదు. గణితాచార్యుడు థామస్ కర్ట్జ్ రంధ్రాల కార్డుల పెట్టెను వెంటబెట్టుకొని రైలులో బోస్టన్ చేరి, ఎం.ఐ.టి.లోని యంత్రానికి అప్పగించేవాడు. ఒక్క కామా తప్పితే మళ్లీ ప్రయాణమే! యంత్రం పరిచారకుల అధీనంలో ఉండేది; వినియోగదారుడు గడప బయట నిలబడేవాడు. 1959లో కొన్న ఎల్‌జీపీ-30 అనే చిన్న యంత్రాన్ని విద్యార్థుల చేతికిచ్చి చూడగా, వారు ఆల్గాల్ భాషకు అనువాదకాన్నే నిర్మించారు. విద్యార్థులపై కళాశాలకు కలిగిన నమ్మకానికి ఈ అనుభవమే పునాది.

కర్ట్జ్, ఆయన సహచరుడు జాన్ కెమెనీ చేసిన ఆలోచన సరళమైనది. కళాశాలలో అధిక సంఖ్యాకులు సైన్సు చదవనివారు. రేపు ప్రభుత్వాలలో, వ్యాపార సంస్థలలో కంప్యూటర్లను గురించి నిర్ణయాలు తీసుకోవలసినవారూ వారే. కనుక యంత్రం వారికీ అందాలి. ఇందుకు వారు గ్రంథాలయాన్ని ఆదర్శంగా తీసుకున్నారు: పాఠకుడు బీరువా దగ్గరకు స్వయంగా వెళ్లి పుస్తకం తీసుకున్నట్లే, విద్యార్థి అనుమతి కోరకుండా, రుసుము చెల్లించకుండా, కారణం చెప్పకుండా కంప్యూటర్‌ను వాడుకోవచ్చు. పుస్తకాలు ఉపయోగానికే అన్న రంగనాథన్ తొలి సూత్రం (1931) ఎరిగిన మనకు ఈ పోలిక కొత్తగా తోచదు.

ఈ విధానానికి సాంకేతిక రూపం కాలవిభజన పద్ధతి. 1964 మే 1 తెల్లవారుజామున బేసిక్ ప్రోగ్రాములు జీఈ-225 యంత్రంపై తొలిసారి నడిచాయి. వ్యవస్థకు అవసరమైన ప్రోగ్రాములలో అధికభాగం రాసినవారు విద్యార్థులే. ఆదేశాల పదజాలం కూడా విధానానికి అనుగుణమైనదే: పని మొదలుపెట్టడానికి ‘హలో’, ముగించడానికి ‘గుడ్‌బై’. యంత్రంతో మర్యాదగా పలకరింపు కలిపిన ఈ చిన్న ఏర్పాటు, నా దృష్టిలో, ఏ విధాన పత్రం కన్నా ఎక్కువ చెబుతుంది.

శిక్షణకు ప్రత్యేక కోర్సు పెట్టలేదు. కలనగణితం మొదలైన ప్రారంభ గణిత తరగతులలోనే కొద్దిపాటి ఉపన్యాసాలు జోడించి, మిగిలినది టెలిటైప్ వద్ద అభ్యాసానికి వదిలారు. ఆటలను కూడా నిషేధించలేదు. భయం పోవడానికి ఆట మంచి మార్గమని కెమెనీ భావించాడు. ఫుట్‌బాల్ ఆట ప్రోగ్రాము అక్కడ ప్రసిద్ధం. యంత్రకాలం అత్యంత ఖరీదైన ఆ రోజుల్లో ఇది సాహసమే.

అయితే ‘అందరికీ’ అన్న మాటకు హద్దు ఉంది. 1972 వరకు డార్ట్‌మత్ పురుషుల కళాశాల. మౌంట్ హోల్యోక్ వంటి మహిళా కళాశాల టెలిఫోన్ తీగ ద్వారా ఆ యంత్రాన్ని చేరుకోగలిగింది గాని, డార్ట్‌మత్ తరగతి గదిలో మాత్రం విద్యార్థినికి చోటు లేదు. కెమెనీ అధ్యక్షుడయ్యాకనే (1970–81) ఆ తలుపు తెరుచుకుంది. బీరువాలు తెరచిన విధానాన్ని ప్రశంసించే రచనలు ఈ ఎనిమిదేళ్ల వ్యవధిని తరచుగా దాటవేస్తాయి.

భారతదేశంలో 1984–85లో ‘క్లాస్’ పథకం కింద పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు చేరాయి. వాటితో బేసిక్ భాష వచ్చింది, విధానం రాలేదు. ఆ తరువాతి దశాబ్దంలో మన కళాశాలల్లో చదివినవారికి గుర్తుండే దృశ్యం వేరు: చెప్పులు బయట విడిచి ప్రవేశించవలసిన చల్లని గది, వారానికొక పీరియడు, ఒక్కో యంత్రం ముందు ముగ్గురు నలుగురు, ల్యాబ్ అసిస్టెంటు నడుముకు వేలాడే తాళంచెవి.