తాతల భాష

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 2020వ సంవత్సరపు జనాభా లెక్కలయందు, జాతిని గూర్చిన ప్రశ్నక్రింద తెల్లజాతివారుకూడ తమ పూర్వుల మూలమును వ్రాసికొనుటకు మొదటిసారిగా చోటు కల్పింపబడెను. సుమారు 4 కోట్ల 50 లక్షలమంది తమ పూర్వులలో జర్మనులు కలరని తెలిపిరి. వీరిలో జర్మనుభాషలో నాలుగు మాటలు కూర్చి పలుకగలవారు మిక్కిలి అరుదు. తాత ష్మిట్టు, మనుమడు స్మిత్తు.

తరములు గడచినకొలది వలసవచ్చినవారి భాష తనంతట తానే సన్నగిల్లునని చెప్పుట పరిపాటి. అది కొంతవరకే నిజమని నా యభిప్రాయము. సిన్సినాటి నగరపు ప్రభుత్వ పాఠశాలలలో 1840 మొదలు జర్మను బోధింపబడుచుండెను. మిల్వాకీ, సెంట్ లూయీ నగరములలో జర్మను పత్రికలు, నాటకశాలలు వర్ధిల్లెను. తరతరములు నిలిచిన యా భాష కొలది యేండ్లలో కూలెను.

1917 ఏప్రిలులో అమెరికా జర్మనీతో యుద్ధమునకు దిగెను. మరుసటి యేడు మే 23వ తేదీన ఐయోవా గవర్నరు విలియం హార్డింగు ఒక ప్రకటన గావించెను. పాఠశాలలలోను, రైళ్లలోను, టెలిఫోనులోను, చర్చి ప్రసంగములందును ఇంగ్లీషు తప్ప వేరుభాష వినబడరాదు. ఇంగ్లీషు రాని ముదుసలి యింటనే ప్రార్థన చేసికొనవలెనట! జర్మనుల యూరవేసిన క్యాబేజీకి సైతము 'స్వాతంత్ర్యపు క్యాబేజీ' యని పేరు మార్చిరి. తినుట మాత్రము మానలేదు.

నెబ్రాస్కా రాష్ట్రము 1919లో, ఎనిమిదవ తరగతి ముగింపని పిల్లలకు అన్యభాష నేర్పుట నేరమని శాసించెను. 1920 మే 25న హాంప్టను గ్రామపు చర్చి పాఠశాలలో రాబర్టు మేయరు అను ఉపాధ్యాయుడు పదేండ్ల బాలునిచే జర్మనులో బైబిలు కథ చదివించుచుండగా ప్రభుత్వ న్యాయవాది వచ్చి చూచెను. మేయరునకు 25 డాలర్ల జుల్మానా పడెను. ఆయన లొంగక పై కోర్టుల కెక్కెను. 1923లో సుప్రీముకోర్టు ఆయన పక్షమున తీర్పు చెప్పెను.

కాని యప్పటికే ఇండ్లలోని మాట మారియుండెను. 1915లో ప్రభుత్వోన్నత పాఠశాలల విద్యార్థులలో నూటికి 24 మంది జర్మను చదువుచుండగా, 1922 నాటికి నూటి కొక్కరైనను లేకపోయిరి. తలిదండ్రులు బిడ్డల మేలు కోరియే మౌనము వహించిరి. అందు లాభమును లేకపోలేదు. 'తెల్లవార'ను పెద్ద పేరుక్రింద, నల్లవారికి దొరకని కొలువులు, ఇండ్లు వారికి దొరకెను.

నేడు వారి మునిమనుమలు పాత యోడల ప్రయాణికుల పట్టికలు వెదకుచున్నారు. లాలాజలమును పరీక్షకు పంపి మూలము తెలిసికొన జూచుచున్నారు. అటకమీది పెట్టెలో ముత్తవ్వ వ్రాసిన లేఖలు దొరికినప్పుడు, ఆ పాత జర్మను వ్రాతను చదివిపెట్టుటకు సొమ్మిచ్చి యొకరిని కుదుర్చుకొనుచున్నారు.