అత్తగారి సంబరం రాసిన కోడలు

గంగాదేవి విజయనగరం బుక్కరాయల కోడలు. ఆవిడ భర్త కుమార కంపన 14వ శతాబ్దంలో మధుర సుల్తానును ఓడించాడు. ఆ దండయాత్ర మీద ఆవిడ సంస్కృతంలో రాసిన కావ్యమే 'మధురా విజయం'.

యుద్ధం కథ కదా, కత్తుల మోతే ఉంటుందనుకుంటాం. తీరా చూస్తే మొదట్లో అత్తగారు దేవాయి! ఆవిడ నీళ్లోసుకోవడం, కొడుకు పుట్టడం, అంతఃపురంలో సంబరం. కంచి, మధుర ఆ తర్వాతే. అత్తగారి కడుపుపంట గురించి కోడలు ఇంత ముచ్చటగా రాయడం నేనైతే ఇంకెక్కడా చూడలేదు. మీరెవరైనా చూశారా?

కాళిదాసుతో, బాణుడితో పాటు మన తిక్కననీ తలుచుకుంది. అందుకే ఆవిడ తెలుగింటి ఆడపడుచేనని చాలామంది అంటారు. నాకూ అలా అనుకోవడమే ఇష్టం.

కంపన తండ్రికంటే ముందే పోయాడు, విజయనగర సింహాసనం ఎక్కనే లేదు. మా స్కూలు పుస్తకంలో ఆయనకి ఒక వాక్యం దక్కింది, ఆవిడకి అదీ లేదు. కానీ మధుర యుద్ధం గురించి రాయాలంటే చరిత్రకారులు ఈనాటికీ తిరగేసేది ఆవిడ కావ్యాన్నే.

ఆ తాళపత్రాలు 1916లో తిరువనంతపురంలో దొరికాయి. మధ్యమధ్య ఆకులు పోయాయి. ఆ పోయినవాటిలో తన గురించి ఏమైనా రాసుకుందేమోనని నా ఆరాటం.