పత్తి విత్తనం: పెద్ద బ్రాండా? చిన్న కంపెనీనా? నడిగడ్డ రైతులు కొనే ముందు తెలుసుకోవాల్సిన విషయాలు

మృగశిర కార్తె దగ్గర పడిందంటే చాలు.. మానవపాడు మండలంలో ఏ ఇద్దరు రైతులు కలిసినా ఒకటే ప్రశ్న. ఈసారి ఏ విత్తనం పెడుతున్నవ్? కొందరు ఏళ్లుగా ఒకే కంపెనీని వదలరు. ఇంకొందరు షాపాయన చెప్పిన కొత్త పేరు వైపు మొగ్గుతారు. పేరున్న కంపెనీ అయితేనే నమ్మకమా? చిన్న కంపెనీ విత్తనం పెడితే మునిగినట్టేనా? పూర్తి వివరాలు చూద్దాం.

విత్తనం పండేదీ ఇక్కడే.. కొనేదీ ఇక్కడే

కృష్ణా, తుంగభద్ర నదుల మధ్య ఉండే నడిగడ్డకు పత్తి విత్తనంతో ప్రత్యేక బంధం ఉంది. జోగులాంబ గద్వాల జిల్లాలో వేల ఎకరాల్లో రైతులు సీడ్ పత్తి సాగు చేస్తారు. అంటే మార్కెట్లో ప్యాకెట్లలో దొరికే హైబ్రిడ్ విత్తనాన్ని పండించేది వీళ్లే.

కంపెనీలు ఆర్గనైజర్ల ద్వారా ఆడ, మగ మూల విత్తనం ఇస్తాయి. పూత దశలో కూలీలు సాయంత్రం ఆడ మొక్కల మొగ్గల్లోని కేసరాలు తీసేస్తారు. మర్నాడు పొద్దున మగ పూల పుప్పొడి అద్దుతారు. దీన్నే ఇక్కడ క్రాసింగ్ అంటారు. ఇలా ఒక్కో పువ్వునూ చేత్తో పట్టుకుని చేస్తేనే హైబ్రిడ్ గింజ తయారవుతుంది.

పండిన విత్తనానికి జీవోటీ పరీక్ష ఉంటుంది. శాంపిల్ గింజలను పొలంలో వేసి, మొక్కలన్నీ ఒకే రకంగా వచ్చాయో లేదో చూస్తారు. పాసైతే విత్తనం ప్యాకెట్లోకి వెళ్తుంది. ఫెయిలైతే రైతుకు విత్తనం ధర రాదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పెద్ద కంపెనీ అయినా, చిన్న కంపెనీ అయినా విత్తనం పండించేది రైతు చేనులోనే. పక్కపక్క చేలల్లో రెండు వేర్వేరు కంపెనీల విత్తనం పండే ప్రాంతం ఇది. తేడా ఎక్కువగా ఆ కంపెనీ ఎంచుకున్న ఆడ, మగ రకాల్లో, తర్వాత చేసే పరీక్షలు, శుద్ధి, నిల్వలో ఉంటుంది.

ప్యాకెట్‌లో అసలు ఏముంది?

పత్తి ప్యాకెట్ మీద మూడు పేర్లు కలిసి కనిపిస్తాయి. వీటిని విడదీసి చూడటం చాలా ముఖ్యం.

* కంపెనీ పేరు: విత్తనాన్ని తయారుచేసి అమ్మే సంస్థ.
* హైబ్రిడ్ పేరు: అసలు పంట లక్షణాలు దీని మీదే ఆధారపడతాయి. ఎన్ని రోజుల పంట, కాయ సైజు, నేల, నీటి అవసరం, రసం పీల్చే పురుగులను తట్టుకోవడం అన్నీ ఇందులోనే ఉంటాయి.
* బీటీ టెక్నాలజీ: కాయతొలుచు పురుగుల కోసం చేర్చిన జన్యువు. మార్కెట్లో ఎక్కువగా ఉన్నది బీజీ-2. ఇది మోన్‌శాంటో టెక్నాలజీ. లైసెన్స్ తీసుకుని పదుల కొద్దీ కంపెనీలు తమ హైబ్రిడ్లలో పెట్టుకున్నాయి.

అంటే, బీజీ-2 అని రాసి ఉన్న ఏ ప్యాకెట్ తీసుకున్నా అందులోని బీటీ జన్యువులు అవే. "మా కంపెనీ బీటీ వేరే" అని ఎవరైనా చెబితే ఒకసారి ఆలోచించాల్సిందే. మారేది హైబ్రిడ్.

20 ఏళ్ల కిందటి పాఠం

ఇది మాటవరసకు చెప్పే విషయం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిందే.

దేశంలో బీటీ పత్తికి 2002 మార్చిలో అనుమతి వచ్చింది. మొదట వచ్చినవి మహికో సంస్థ మూడు హైబ్రిడ్లు: మెక్-12, మెక్-162, మెక్-184. అప్పట్లో బీటీ అంటే ఆ పేరే. అయితే రాష్ట్రంలో వాటి పనితీరుపై తీవ్ర ఫిర్యాదులొచ్చాయి. 2005 మేలో జన్యు ఇంజినీరింగ్ ఆమోద కమిటీ ఆంధ్రప్రదేశ్‌లో ఆ మూడింటి అనుమతిని పొడిగించలేదు.

మరోవైపు 2004లో తమిళనాడులోని ఆత్తూరు కేంద్రంగా ఉన్న రాశి సీడ్స్ హైబ్రిడ్ ఆర్‌సీహెచ్-2కు బీటీ అనుమతి వచ్చింది. అందులోనూ అదే బీటీ జన్యువు. కానీ హైబ్రిడ్ వేరు. వరంగల్ ప్రాంతంలో రైతులు పెద్ద ఎత్తున దానికి మారారు.

జన్యువు ఒకటే. మొదట వచ్చిన పెద్ద పేరు నిలబడలేదు, తర్వాత వచ్చిన పేరు నిలబడింది. ఇవాళ పెద్ద బ్రాండ్లుగా చెలామణి అవుతున్నవీ ఒకప్పుడు చిన్నవే. రాశి, నూజివీడు సీడ్స్ రెండూ 1973లో చిన్నగా మొదలైనవే.

ఊరంతా ఒకే విత్తనం.. ఎందుకు?

వరంగల్ పల్లెల్లో విత్తనాల ఎంపికపై అమెరికా మానవ శాస్త్రవేత్త గ్లెన్ డేవిస్ స్టోన్ ఏళ్ల పాటు అధ్యయనం చేశారు. 2007లో వ్యాసం ప్రచురించారు. ఆయన గమనించింది ఏంటంటే.. ఒక ఊళ్లో ఒక ఏడాది దాదాపు అందరూ ఒకే విత్తనం వేస్తారు. పక్క ఊళ్లో ఇంకోటి నడుస్తుంది. ఒకటి రెండేళ్లకే ఆ మోజు పోయి మరో పేరు వస్తుంది. ఇలా మారడానికి దిగుబడిలో గట్టి కారణం కనిపించలేదు. ఒకరిని చూసి ఒకరు వేయడమే ఎక్కువ.

దీనికి రైతును తప్పుబట్టడానికి లేదు. 2012 నాటికే దేశంలో అనుమతి పొందిన బీటీ హైబ్రిడ్లు వెయ్యి దాటాయి. ఇన్ని పేర్లలో ఏది మంచిదో తేల్చుకోవడం ఎవరి వల్లా కాదు. హైబ్రిడ్ కాబట్టి మన పత్తి గింజను దాచుకుని మళ్లీ వేస్తే మొక్కలు ఒకే రీతిన రావు. ఏటా కొనాల్సిందే. అందుకే పక్కింటాయన చేను బాగుంటే అదే పేరు అడుగుతాం. అయితే ఆ చేను బాగుండటానికి విత్తనమే కారణమా? నల్లరేగడి నేలా? ఆర్డీఎస్ కాల్వ నీళ్లు సమయానికి రావడమా? ఈ లెక్క ఎవరూ వేయరు.

ధరను బట్టి నాణ్యత చెప్పొచ్చా?

చెప్పలేం. పత్తి విత్తనానికి గరిష్ఠ ధర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2006కు ముందు 450 గ్రాముల బీటీ ప్యాకెట్ రూ.1,600 పైనే ఉండేది. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఎంఆర్‌టీపీ కమిషన్‌కు వెళ్లి పోరాడిన తర్వాత ధర రూ.750కి దిగింది. 2015 డిసెంబర్‌లో కేంద్రం ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. అప్పటి నుంచి దేశమంతా ఒకటే గరిష్ఠ ధర. 2025-26 సీజన్‌కు 475 గ్రాముల బీజీ-2 ప్యాకెట్ ధర రూ.901.

పెద్ద కంపెనీకైనా, చిన్న కంపెనీకైనా ఇదే పరిమితి. కాబట్టి రెండు విషయాలు గుర్తుంచుకోవాలి.

* పేరున్న రకం దొరకడం లేదని ప్యాకెట్ మీద రేటు కంటే ఎక్కువ అడిగితే అది బ్లాక్ దందా. ఎక్కువ డబ్బు పెట్టినంత మాత్రాన ఎక్కువ దిగుబడి రాదు.
* కొత్త రకాన్ని షాపాయన గట్టిగా అంటగడుతుంటే ఎందుకో అడగాలి. మార్కెట్లో నిలబడటానికి కొత్త కంపెనీలు డీలర్‌కు ఎక్కువ మార్జిన్ ఇచ్చే అవకాశం ఉంటుంది. ఉద్దెరకు తెచ్చుకునే రైతుకు వద్దనే ధైర్యం తక్కువ. నష్టమొస్తే మాత్రం భరించేది రైతే.

చిన్న కంపెనీ వేరు.. నకిలీ వేరు

చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. కానే కాదు.

లైసెన్స్ ఉండి, ప్యాకెట్ మీద లాట్ నంబర్, పరీక్ష తేదీ, గడువు తేదీ, మొలక శాతం రాసి, బిల్లు ఇచ్చి అమ్మేది చిన్న కంపెనీ అయినా చట్టబద్ధమైనదే. సంచుల్లో, కవర్లలో తెచ్చి బిల్లు లేకుండా ఇచ్చే లూజు విత్తనం మాత్రం ఎవరు ఇచ్చినా ప్రమాదమే. జీవోటీలో ఫెయిలైన సీడ్ ఇలా తక్కువ రేటుకు చేతులు మారే ముప్పు విత్తనం పండే ప్రాంతాల్లో ఎక్కువ.

గడ్డి మందు కొట్టినా చావదంటూ అమ్మే పత్తి విత్తనానికి దేశంలో అనుమతి లేదు. అది ఏ పేరుతో వచ్చినా అక్రమమే. పంట పోతే ఎక్కడా చెప్పుకునే దారి కూడా ఉండదు.

గులాబీ పురుగుకు బ్రాండ్ తెలియదు

బీజీ-2ను గులాబీ రంగు పురుగు తట్టుకుంటోందని గుజరాత్‌లో 2014-15 ప్రాంతంలోనే బయటపడింది. తర్వాత తెలంగాణ, మహారాష్ట్రల్లోనూ నష్టం చేసింది. జన్యువులు అవే కాబట్టి ఈ బలహీనత అన్ని బీజీ-2 ప్యాకెట్లకూ ఉంది. కంపెనీ మార్చినంత మాత్రాన పురుగు పోదు. తక్కువ రోజుల రకం వేయడం, లింగాకర్షక బుట్టలు పెట్టడం, పంటను వేసవి దాకా సాగదీయకుండా కట్టెను తీసేయడం.. పనిచేసేవి ఇవి.

కొత్త కంపెనీ విత్తనాన్ని ఇలా పరీక్షించండి

2025-26 ధర ప్రకారం ఎకరాకు రెండు ప్యాకెట్లు వేసినా విత్తనం ఖర్చు రూ.1,802. దున్నకం, ఎరువులు, మందులు, కూలీల ఖర్చు ముందు ఇది చిన్నదే. కానీ ఆ ఖర్చంతా నిలబడేది ఈ విత్తనం మీదే. అందుకే ఒకేసారి మొత్తం మార్చొద్దు. అలాగని ఎప్పటికీ మార్చకుండానూ ఉండొద్దు.

1. మీ చేనులో రెండు మూడేళ్లుగా బాగా వచ్చిన రకాన్నే ఎక్కువ భాగంలో వేయండి. కొత్త రకానికి 10 గుంటలు కేటాయించండి.
2. రెండూ ఒకే రకం నేలలో, ఒకే రోజు వేయండి. గట్టు పక్క పనికిరాని మూలలో వేసి కొత్తది బాగాలేదంటే లాభం లేదు.
3. వేసే ముందు 100 గింజలు తడి గోనెసంచిలో చుట్టి మొలక చూడండి. హైబ్రిడ్ పత్తికి కనీసం 75 మొలవాలి.
4. ఎరువులు, మందులు రెండింటికీ సమానంగా ఇవ్వండి.
5. పత్తి ఏరిన ప్రతిసారీ విడివిడిగా తూకం వేసి రాసుకోండి. పచ్చదోమ, తామర పురుగులు దేనికి ఎక్కువ పట్టాయో, కూలీలకు ఏది ఏరడం తేలికైందో కూడా రాయండి.
6. ఒక్క ఏడాదితో తేల్చొద్దు. వాన బాగా పడిన ఏడు అన్నీ బాగానే కనిపిస్తాయి. రెండో ఏడు కూడా నిలబడితే విస్తీర్ణం పెంచండి.

సందేహాలుంటే మండల వ్యవసాయ అధికారిని అడగొచ్చు. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి.

విత్తనం మోసం చేస్తే?

విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 2012 జనవరిలో తేల్చి చెప్పింది. ఆ కేసు మన ప్రాంతానిదే. కర్నూలు, మహబూబ్‌నగర్ సహా పలు జిల్లాల వినియోగదారుల ఫోరాల్లో రైతులు వేసిన ఫిర్యాదుల నుంచే అది పైదాకా వెళ్లింది. ఎదుటి పక్షం ఏదో ఊరూపేరూ లేని కంపెనీ కాదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ సీడ్స్ కార్పొరేషన్. కంపెనీతో బైబ్యాక్ ఒప్పందం మీద విత్తనం పండించే రైతులు కూడా వినియోగదారులేనని కోర్టు చెప్పింది. సీడ్ పత్తి వేసే గద్వాల రైతులకు ఇది కీలకం.

ఎంత పెద్ద పేరైనా తప్పు జరగొచ్చు. అందుకే బిల్లు, ఖాళీ ప్యాకెట్, లాట్ నంబర్ ఉన్న లేబుల్, కుదిరితే గుప్పెడు గింజలు పంట చేతికొచ్చే దాకా దాచిపెట్టాలి. మొలక రాకపోయినా, కాయ పట్టకపోయినా పంట చేనులో ఉండగానే వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, చేను చూపించి నివేదిక తీసుకోవాలి. పత్తి కట్టె పీకేశాక చూపించడానికి ఏమీ మిగలదు.

ఒక్క మాటలో చెప్పాలంటే.. షాపులో అడగాల్సింది "ఏ కంపెనీ?" అని మాత్రమే కాదు. "ఏ హైబ్రిడ్? ఏ నేలకు? ఎన్ని రోజులకు?" అని. ఆ జవాబు నిజమో కాదో తేల్చేది మాత్రం మీ చేనులోని ఆ 10 గుంటలే.