అద్దం తుడిచేది కర్రా, నీళ్ళా?

కిటికీ అద్దాల శుభ్రత చరిత్రను మూడు ముక్కల్లో తేల్చేయడం అలవాటైపోయింది: మొదట నిచ్చెన, తర్వాత తాడు, ఇప్పుడు నేల మీద నిలబడే నీళ్ళు పైకి పంపే వాటర్ ఫెడ్ పోల్. పడిపోతామన్న భయమే ఈ మార్పులన్నిటికీ మూలమంటారు. అనకాపల్లిలో నిలబడి చూస్తే ఈ కథ పొసగదు.

అసలు మన పాత కిటికీలకు అద్దాలెక్కడివి? మండువా లోగిళ్ళలోనూ చెక్క రెక్కలు, ఇనప ఊచలే. తోమాల్సిన గాజల్లా లాంతరు చిమ్నీ, దేవుడి పటాలు. వాటికి ముగ్గుపిండి, పాత పంచె ముక్క సరిపోయేవి. అల్యూమినియం స్లైడింగ్ కిటికీలొచ్చాకే అద్దం తుడవడం ఒక పని అయింది. అప్పటికి రబ్బరు వైపర్ పాతదే: ఎట్టోరే స్టెకోన్ అమెరికాలో ఇత్తడి వైపర్‌కు పేటెంటు పొందింది 1936లో.

పేచీ పోల్ దగ్గరే. 1950ల్లోనే అమెరికాలో టక్కర్ పోల్ ఉంది. మరి అంతకాలం ఎందుకు పాకలేదు? 2005లో బ్రిటన్ తెచ్చిన ఎత్తు పనుల నిబంధనలే దానికి ప్రాణం పోశాయంటారు. ఊపునిచ్చాయి, కాదనను. కానీ శుద్ధజలంతో పోల్ వాడకం అక్కడ 1990ల్లోనే మొదలైంది. చట్టం కన్నా ముందు నీళ్ళు మారాయి. 1960 ప్రాంతంలో లాస్ ఏంజిలిస్‌లో సిడ్నీ లోబ్, మనదేశం నుంచి వెళ్ళిన శ్రీనివాస శౌరిరాజన్ తయారుచేసిన పొర వల్ల నీళ్ళలోని లవణాలను వేరుచేసే ఆర్వో పద్ధతి వాడుకలోకి రాగలిగింది. అది చౌకయ్యాకే పోల్‌కు రోజులొచ్చాయని నా వాదన.

పని తీరు చూస్తే కారణం తెలుస్తుంది. వైపర్ పట్టినవాడు నీళ్ళు ఆరకముందే లాగేస్తాడు, చివర అంచు గుడ్డతో ఒత్తుతాడు. బోరు నీళ్ళైనా పెద్దగా ఇబ్బంది లేదు. పోల్ బ్రష్షు రుద్ది కడిగిన నీళ్ళు మాత్రం అద్దం మీదే ఆరాలి. చుక్క ఆరిన చోట అందులోని లవణమంతా తెల్లటి ఉంగరమై కూర్చుంటుంది. అందుకే నీళ్ళలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరు సున్నాకు దగ్గరపడాలి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటుంది, వేరే దిక్కులేనప్పుడు 2000 దాకా. నోటికి పనికొచ్చిన నీళ్ళు అద్దానికి పనికిరావన్నమాట.

ఇప్పుడు హైవే పక్కన షోరూముల ముఖాలన్నీ అద్దాలే. రెండు మూడంతస్తుల దాకా పోల్ మనిషిని నిచ్చెన ఎక్కకుండా కాపాడుతుంది. ఆ ఒక్క లాభం చాలు దాన్ని గౌరవించడానికి. కానీ వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధిలో, ఆర్వో వదిలేసే ఉప్పునీళ్ళను కాలువలోకి పంపి అద్దాలు మెరిపించడం నాకు మింగుడుపడదు. పైగా సున్నం, సిమెంటు మరకలు బ్రష్షుకు లొంగవు. బ్లేడూ చెయ్యీ కావాలి. లోపలి వైపు ఎలాగూ వైపర్‌దే. మెట్ల పక్కన తెరుచుకోని అద్దం మూడంతస్తుల ఎత్తున బిగించేవాళ్ళు, దాన్ని ఎవరు ఎలా అందుకోవాలో ప్లానులో ఇప్పటికే గీయడం లేదు. పోల్ ఉందిలే అన్న ధీమా వాళ్ళకు ఇంకో సాకు అవుతోంది.