మూత కింద గీతలు

మేళ్లచెరువులో మా అమ్మమ్మ ఇంట్లో ఒక రాతబల్ల ఉండేది. ఏటవాలు మూత, రెండు సొరుగులు, ఇత్తడి తాళం. హైదరాబాదులో ఏదో వేలంలో కొన్నారని అమ్మ చెప్పేది. తాతయ్య పట్వారీ. ఊరి భూములన్నీ ఆ బల్లమీదే ఒకరి పేరు నుంచి ఇంకొకరి పేరుకు మారేవి. ఇల్లు అమ్మేముందు పాత సామాన్ల వ్యాపారి వచ్చి చూశాడు. "విక్టోరియా కాలం నాటి ఓక్ చెక్క. పాలిష్ పెట్టించకండమ్మా, ఈ పాతదనానికే ధర" అన్నాడు.

ఆ పాతదనం ఎవరి చేతిపని?

ఓక్ చెక్కలో వగరు పదార్థం ఎక్కువ. ఇనుము తగిలితే నల్లబడుతుంది. అందుకే మేకుల చుట్టూ నల్లటి మరకలు. ఓక్ కొమ్మ మీద ఒక రకం కందిరీగ గుడ్డు పెడితే బుడిపె కడుతుంది. అదే మన మాచికాయ. దాన్ని అన్నభేదితో కలిపి ఒకప్పుడు నల్లసిరా చేసేవారు. అమ్మమ్మకు మాత్రం మాచికాయ అంటే పసిపిల్లలకు సానమీద అరగదీసి నాకించే మందు. ఒకే కాయ తాతయ్యల వైపు దస్తావేజు అయింది, అమ్మమ్మల వైపు ఉగ్గుగిన్నెలోకి చేరింది.

మేళ్లచెరువు అప్పుడు నిజాం రాజ్యం. కాస్త తూర్పున నందిగామ మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1874లో అక్కడే పుట్టిన భండారు అచ్చమాంబ బడికి వెళ్లలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుతుంటే ఆయన దగ్గర నేర్చుకుంది. 'అబలా సచ్చరిత్ర రత్నమాల'తో తెలుగులో స్త్రీల చరిత్రకు పునాది వేసి, 1905లో ముప్ఫై ఏళ్లకే వెళ్లిపోయింది. ఆమెకు అక్షరం దొరికింది హక్కుగా కాదు, తమ్ముడి మంచితనం వల్ల. అమ్మమ్మకు అలాంటి తమ్ముడు లేడు. ఆమె వంతు ఆ బల్లను తుడవడమే. నలభై ఏళ్లపాటు ప్రతి శుక్రవారం నూనెగుడ్డతో తుడిచింది. వ్యాపారి మెచ్చుకున్న నునుపు ఆమె అరచేతిది.

1984లో పటేల్, పట్వారీ పదవులు రద్దయ్యాయి. దస్త్రాలు వెళ్లిపోయాయి. బల్ల వెనక వసారాలోకి చేరింది. అధికారం వదిలేశాకే అది ఆమెదైంది.

మూత ఎత్తి లోపలివైపు చూశాను. బొగ్గుతో గీసిన గీతలు, అయిదేసి చొప్పున. మధ్యమధ్య సున్నాలు. "పాల లెక్క. సున్నా అంటే పాలు పొయ్యని రోజు" అంది అమ్మ. ఒకచోట పసుపు బొట్టు. గేదె ఈనిన రోజట.

పిహెచ్‌డి కోసం నేను అయిదేళ్లు స్త్రీల రాతల కోసం గ్రంథాలయాల్లో వెతికాను. సంతకం ఉన్నదాన్నే రాత అనుకున్నాను. బ్రాంటీ అక్కచెల్లెళ్లు రాసుకున్న బల్ల 2015లో వాళ్ల ఇంటికి, హావర్త్ మ్యూజియానికి తిరిగి చేరిందని చదివి సంబరపడ్డాను. సెలవుల్లో ఈ మూత కిందే పల్లీలు దాచుకుని తిన్నాను. ఒక్కసారీ తలెత్తి చూడలేదు.

"లోపలి మసి సోడాతో కడిగిస్తే పోతుంది" అన్నాడు వ్యాపారి. పైన సిరా మరకలుంటే ధర పెరుగుతుందట, లోపల బొగ్గు గీతలుంటే తగ్గుతుందట. చరిత్ర రాసే చోటా మనకు ఎదురయ్యే లెక్క ఇదే.

మామయ్యల వాటా డబ్బులిచ్చి బల్ల నేనే తెచ్చుకున్నాను. మూత లోపల ఇంతవరకూ గుడ్డ పెట్టలేదు.