రాత్రి బడి పద్దు: లాంతరు నుంచి యాప్ దాకా

1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైనప్పుడు రాత్రి బడికి ఉన్న పెద్ద పరికరం హరికేన్ లాంతరు. ముప్పై మందికి ఒక బోధకుడు, పలకలు, వాచకాలు, బోధకుడికి నెలకు 50 రూపాయల గౌరవ వేతనం. ఆ రోజుల్లోనూ అది చాలీచాలని డబ్బే. అయినా లాంతరులో పోసే కిరసనాయిలుకు సర్కారు పద్దులో చోటుండేది. చదువు చెప్పాలంటే వెలుగు కావాలి, ఆ వెలుగుకు ఖర్చవుతుందని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే గదా!

1988లో అక్షరాస్యత కూడా కేంద్ర ప్రభుత్వ టెక్నాలజీ మిషన్ల జాబితాలో చేరింది. పేరుకు టెక్నాలజీ, నడిపించింది మాత్రం మనుషులు. నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో వాలంటీర్లు జీతం లేకుండానే పాఠాలు చెప్పారు. వాచకంలోని సీతమ్మ కథ సారాకు వ్యతిరేకంగా ఆడవాళ్లను కదిలించింది. ఆ జిల్లాలోని దూబగుంట ఊళ్లో సారా దుకాణం మూతబడింది. ఆ ఊపు రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. జీతం లేని సేవకు నెల్లూరును ఉదాహరణగా చూపేవాళ్లు ఒక సంగతి వదిలేస్తారు. ఆ వాలంటీర్ల వెనక జిల్లా కలెక్టరు మొదలు కళాజాతా బృందాల దాకా ఒక యంత్రాంగం నిలబడింది.

రాత్రి బడిలోకి కంప్యూటరు 2000లో వచ్చింది. సాఫ్ట్‌వేరు కంపెనీ టీసీఎస్‌కు పునాది వేసిన ఫకీర్ చంద్ కోహ్లీ ఆలోచనతో మెదక్ జిల్లా బీరంగూడలో ఆ ప్రయోగం జరిగింది. ప్రభుత్వ వాచకాల్లోని పాఠాలనే తెరకెక్కించారు. మాట వినబడుతుంది, బొమ్మ కదులుతుంది, మాట ముక్కలై అక్షరాలు విడివడతాయి, మళ్లీ కలుస్తాయి. కూలి పనికి వెళ్లొచ్చిన ఆడవాళ్లు తెర చుట్టూ కూర్చుని వాటిని పలికేవాళ్లు. నలభై గంటల్లో చదవడం వస్తుందన్నది లక్ష్యం. ఆఫీసులు పక్కన పడేసిన పాత కంప్యూటర్ల మీద కూడా నడిచేలా ఆ సాఫ్ట్‌వేరు రాశారు. నా దృష్టిలో వయోజన విద్యలో జరిగిన డిజిటల్ ప్రయత్నాలన్నింటిలోకీ తెలివైనది ఇదే. రాయడం, లెక్కలు అందులో వెనకబడ్డ మాట నిజమే. అంతకన్నా పెద్ద లోటు, ఇలాంటి పనికి ప్రభుత్వ బడ్జెట్‌లో స్థిరమైన పద్దు లేకపోవడం. కంపెనీల దయ మీద ఊరూరా బడి నడవదు.

2009లో కేంద్ర వయోజన విద్యా పథకం సాక్షర భారత్ వచ్చింది. 7 కోట్ల మంది లక్ష్యం, వాళ్లలో 6 కోట్లు మహిళలు. అనుకున్న వ్యయం 6,502 కోట్ల పైచిలుకు, అంటే తలకు 930 రూపాయల దాకా. పంచాయతీకో కేంద్రం, నెలకు 2,000 రూపాయల గౌరవ వేతనంతో సమన్వయకర్తలు. ఆ పథకం 2018 మార్చితో ఆగింది. ఏళ్ల తరబడి కేంద్రాల తలుపులు తీసినవాళ్లు ఇంటికి వెళ్లిపోయారు.

ఆ తర్వాత వచ్చిన కేంద్ర పథకం ఉల్లాస్. 2022 నుంచి 2027 దాకా 5 కోట్ల మందికి 1,037.90 కోట్లు. భాగిస్తే తలకు 208 రూపాయలు! పాఠాలు యాప్‌లో ఉన్నాయి, వాలంటీరుకు గౌరవ వేతనం లేదు. ఫోను వాలంటీరుదే, డేటా ఖర్చూ వాలంటీరుదే. చివర్లో రాసే 150 మార్కుల పరీక్ష మాత్రం కాగితం మీదే. కలం పట్టి రాయించాలంటే పక్కన మనిషి కూర్చోవాలి. డిజిటల్ పేరుతో ఆ మనిషికిచ్చే డబ్బు మిగుల్చుకోవడం అన్యాయం.

2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 67.02 శాతం, మహిళల్లో 59.15. అక్షరాలు రాకుండా మిగిలినవాళ్లలో చాలామంది ఈనాడు ఉపాధి కూలీ డబ్బు పడిందో లేదో తెలుసుకోవడానికి ఫోను ఇంకొకరి చేతికిస్తున్నారు.

ఉల్లాస్ గడువు 2027 మార్చితో తీరుతుంది. తర్వాతి పథకంలో ప్రతి కేంద్రానికీ ఒక తెర, డేటా ఖర్చు, చదువు చెప్పే మనిషికి వేతనం విడివిడి పద్దులుగా రాయాలి. మీ ఎంపీని, ఎమ్మెల్యేని ఇప్పుడే అడగండి.